గోండుల ఆత్మబంధువు: ఆచార్య హైమన్‌డార్ఫు

విద్య రెండు విధములుగా లోకమున సంచరించుచుండును. ఒకటి గ్రంథమునుండి పుట్టి గ్రంథములోనే నిలిచిపోవునది. రెండవది గ్రంథమునుండి బయలుదేరి సాటి మనుష్యుని ఇల్లు, పొలము, భాష, బాధ తెలిసికొని, తెలిసికొన్నదానిని వాని మేలునకు వినియోగించునది. మొదటిదానికి బుద్ధిబలము చాలును. రెండవదానికి ఓర్పును, ప్రేమయు, సత్యమును చెప్పగల ధైర్యమును కావలెను. దూరదేశమున జన్మించి, తెలుగునాట అడవిబిడ్డల నడుమ జీవించి, తుదకు వారి మట్టిలోనే కలసిపోయిన ఆచార్య క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు చరిత్రము ఈ రెండవ విద్యకు చక్కని ఉదాహరణము.

హైదరాబాదు నగరమున తార్నాక యను కూడలి గలదు. పూర్వమచ్చటి తోటలకు తీగకంచె వేసి నాకా నిలిపిరనియు, ఉర్దూలో తీగను తార్ అందురు గావున ఆ పేరు కలిగెననియు స్థానికులు చెప్పుదురు. కంచె వలన పేరు పొందిన ఆ చోటు నేడు దేశము నలుమూలల విద్యార్థులును, పరిశోధకులును వచ్చిపోవు వాకిలియైనది. దాని ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము విస్తరించియున్నది. 1918లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయము తొలుత నగరములోని అద్దె భవనములలో నడచి, పిదప అడిక్‌మెట్టు భూములకు తరలినది. దాని కిరీటమువంటి ఆర్ట్సు కళాశాల రాతిభవనము 1939లో ప్రారంభమైనది.

ఆంగ్లము లేనిదే ఉన్నతవిద్య లేదని పెద్దలు తలచుచున్న దినములలో దేశభాషయైన ఉర్దూ మాధ్యమముగా ఈ విద్యాపీఠము నెలకొల్పబడెను. అది గొప్ప సాహసమే. అయితే ఆనాటి హైదరాబాదు రాజ్యమున అత్యధిక ప్రజలు మాట్లాడునవి తెలుగు, మరాఠీ, కన్నడములు. ఉత్తరపు అడవులలో గోండి, కోలామి భాషలు మాత్రమే ఎరిగినవారును వేలకొలది యుండిరి. మాతృభాషలో చదువు అను సూత్రము వారికిని వర్తింపవలదా అను ప్రశ్నను ఆనాడు అడిగినవారు అరుదు. ఆ ప్రశ్నను అడిగి, దానికి కార్యరూపమున సమాధానము చెప్పిన మహనీయుడు, 1945లో ఆ విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర ఆచార్య పీఠము నలంకరించిన హైమన్‌డార్ఫు.

వారు 1909వ సంవత్సరమున ఆస్ట్రియా దేశ రాజధాని వియన్నా నగరమున ఒక ప్రభువంశమున జన్మించిరి. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, 1931లో డాక్టరు పట్టము పొందిరి. అస్సాము, బర్మా సరిహద్దు కొండజాతుల సంఘవ్యవస్థ వారి పరిశోధనాంశము. అప్పటికి వారు ఆ కొండలను కన్నులార చూచియుండలేదు. గ్రంథాలయములలోని పుస్తకములే ఆధారము. చూడని ప్రజలను గూర్చి వ్రాసి పట్టము పొందిన ఆ యువకుడు, దానితో తృప్తి చెందక, వారిని చూడవలెనని తహతహలాడెను. ఆ అసంతృప్తియే వారి జీవితమునకు మలుపు.

పిదప లండను నగరమునకు పోయి మలినోవ్‌స్కీ యను సుప్రసిద్ధ పండితుని గోష్ఠులలో పాల్గొనిరి. పరిశోధకుడు ప్రజల నడుమ నివసించి, వారి భాషలోనే వారితో మాటలాడి తెలిసికొనవలెనను పద్ధతిని శాస్త్రముగా స్థిరపరచినవారిలో మలినోవ్‌స్కీ అగ్రగణ్యుడు. ఆ దీక్షతో హైమన్‌డార్ఫు 1936లో నాగా కొండలకు వచ్చి, వాక్‌చింగ్ గ్రామమున కొన్యాకు నాగాల నడుమ ఏడాదికి పైగా నివసించి, వారి భాష నేర్చిరి. ఆ జాతులలో గ్రామమునకు గ్రామమునకు నడుమ తలలు నరకు వైరములు ఆనాడింకను చల్లారలేదు. బయటివారికి క్రౌర్యముగా మాత్రమే కనబడు ఆ ఆచారము వెనుక పంటల కలిమిని గూర్చియు, గ్రామ గౌరవమును గూర్చియు ఎట్టి నమ్మకములున్నవో వారు ఓపికతో విచారించిరి. ఆచారమును మెచ్చుకొనుట వేరు, దాని కారణమును తెలిసికొనుట వేరు అను వివేకము వారికి అచ్చట అలవడినది.

1938లో వారు ఎలిజబెత్ బర్నార్డో అను విదుషిని వివాహమాడిరి. ఆప్తులు ఆమెను బెట్టీ అని పిలిచెడివారు. ఆమె భర్తవెంట నడచుటతో తృప్తిపడిన ఇల్లాలు కాదు. అడవులలో, కొండలలో తానును స్వయముగా విషయసేకరణ చేసెను. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథములకు ఆమె కూర్చిన పట్టిక 1958లో వెలువడి పరిశోధకులకు దారిదీపమైనది.

దంపతులు 1939లో భారతదేశమునకు వచ్చునప్పటికి రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమైనది. 1938లోనే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేసియుండెను. కనుక హైమన్‌డార్ఫు చేతిలోని పాస్‌పోర్టు జర్మనీది. నిన్నటివరకు అతిథియైన పండితుడు నేడు ఆంగ్ల ప్రభుత్వము దృష్టిలో శత్రుదేశస్థుడు. వారిని నిర్బంధించి, తరువాత హైదరాబాదు రాజ్యపు ఎల్లలలో మాత్రము నివసింప ననుమతించిరి. మనుష్యుని గుణము చూడక, చేతిలోని కాగితము చూచి మిత్రుడనియు శత్రువనియు నిర్ణయించుట ఎట్టిదో వారికి స్వానుభవమున తెలిసినది. అయినను వారు ఆ నిర్బంధమును శాపముగా భావింపలేదు. రాజ్యపు ఎల్లలలోనే తమకు తగిన పని వెదకుకొనిరి.

మొదట 1940లో నల్లమల అడవులలోని అమ్రాబాదు పీఠభూమికి పోయి చెంచుల నడుమ నివసించిరి. వేటయు, దుంపల సేకరణయు జీవనాధారముగా గల ఆ జాతిని గూర్చిన గ్రంథము 1943లో వెలువడినది. అటుపిమ్మట గోదావరి తీరమున పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల యొద్దకు పోయిరి. వెదురు నరికించు గుత్తేదారుల అప్పులలో చిక్కి కొండరెడ్లు ఎట్లు వెట్టి పాలగుచుండిరో చూచి, దానిని పాలకుల దృష్టికి తెచ్చిరి. వారిని గూర్చిన గ్రంథము 1945లో వచ్చినది. తదనంతరము వారి అడుగులు ఆదిలాబాదు గోండుల వైపు మరలినవి.

ఆదిలాబాదు ఆనాడు నివురుగప్పిన నిప్పు. గోండులకు చాందా మొదలగు చోట్ల రాజ్యములేలిన పూర్వచరిత్ర కలదు. కాలము మారినది. పోడు పోడుగా అడవి నరకి సేద్యము చేయుచు, కొన్ని ఏండ్లకు ఆ నేలను విడిచి మరల దానికే వచ్చుట వారి పద్ధతి. ఈ నేల నాది అనుటకు వారి యొద్ద కాగితము లేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అడవులను రిజర్వుచేసి హద్దులు వేసిరి. హద్దు లోపల పడిన గోండుల పల్లెలను ఖాళీ చేయించిరి. అడవి జవాన్ల లంచములు, జరిమానాలు పెరిగినవి. కాజీపేట బల్హార్షా రైలుమార్గము పడిన పిదప మైదానపు రైతులు, వడ్డీవ్యాపారులు అధికముగా వచ్చి, కచేరీలలో పట్టాలు చేయించుకొనిరి. కాగితమెరిగినవాడు భూస్వామియయ్యెను. నేల నెరిగినవాడు కూలివాడయ్యెను.

ఈ అన్యాయమును సహింపలేక కొమురం భీము తన జనులను కూడగట్టి జోడేఘాట్ కొండపై తిరుగుబాటు చేసి, 1940లో నిజాము పోలీసుల కాల్పులలో అనుచరులతో గూడ అసువులు బాసెను. శవములు కాలినవి, కేసులు మూసిరి. కాని కారణము తీరలేదు. అట్టి సమయమున గిరిజనుల స్థితిని విచారించి తెలుపుమని ప్రభుత్వము హైమన్‌డార్ఫును కోరినది. వారు గోండుల పల్లెయైన మార్లవాయిలో గుడిసె వేసికొని, దంపతులిరువురును అచ్చటనే కాపురముండి, గోండి భాషలో ప్రజలతో మాటలాడిరి. అల్లరికి మూలము గోండుల స్వభావములో లేదనియు, వారి కాళ్లక్రింది నేల జారిపోవుటలో ఉన్నదనియు తమ నివేదికలలో నిర్మొగమాటముగా తెలిపిరి. ఆ నివేదికలు 1945లో అచ్చుపడినవి.

గోండుల సంఘమును గూర్చి వారు కనుగొన్న విషయములు ఆలోచింపదగినవి. గోండులు అని మనము పిలుచుచున్నవారు తమను తాము కోయతూర్ అని చెప్పుకొందురు. పేరు ఒకరు పెట్టునది, తానెవరో తాను చెప్పుకొనునది ఒకటి కాకపోవచ్చును. వారి భాష తెలుగుతో కూడిన ద్రావిడ కుటుంబములోనిదే. వారి వంశములు నాలుగు, ఐదు, ఆరు, ఏడు అను సంఖ్యలతో పిలువబడు శాఖలుగా నున్నవి. ఒకే శాఖలోనివారు అన్నదమ్ములతో సమానులు గావున వారి నడుమ వివాహము కూడదు.

మరియొక విశేషము గలదు. గోండుల వంశచరిత్రలను, దేవతల కథలను కాపాడువారు గోండులు కారు. పర్ధానులను వేరొక జాతివారు తరతరములుగా తంత్రీవాద్యముతో ఆ గాథలను గానము చేయుదురు. ఇంటిలో మరాఠీ మాటలాడు పర్ధానులు గోండుల కథలను గోండి భాషలో పాడుదురు. పర్ధాను లేనిదే గోండుకు తన పూర్వికుల జాడ తెలియదు. గోండు దాత లేనిదే పర్ధానుకు జీవిక లేదు. ఒక జాతి జ్ఞాపకము మరియొక జాతి కంఠములో భద్రముగా నున్నది. మా సంస్కృతి మాది, దానిలో పరులకు పాలు లేదని వాదించువారు ఈ ఒక్క విషయమును తలపోసిన చాలును. ఆ గాథలను, పూజావిధులను వివరించు వారి గోండు గ్రంథము 1948లో వెలువడినది.

చూచినదానిని వ్రాసి ఊరకుండుట వారి స్వభావము కాదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము నెలకొల్పబడెను. గోండులలో అక్షరము వచ్చినవారే అరుదైనప్పుడు ఉపాధ్యాయులు ఎచ్చటనుండి వత్తురు? బయటివారు వచ్చిన భాష తెలియదు, అడవిలో నిలువరు. కనుక గోండు యువకులకే తొలుత చదువు చెప్పి, వారినే పంతుళ్లను చేసిరి. గోండి మాటలను నాగర లిపిలో కూర్చి వాచకములు సిద్ధపరచిరి. బాలుడు మొదట తన ఇంటి మాట చదివి, పిదప మరాఠీ, ఉర్దూలకు పోవలెను. ఉస్మానియాలో పైమెట్టున ఉర్దూకు జరిగిన గౌరవము, మార్లవాయిలో తొలిమెట్టున గోండికి జరిగినది. పాఠశాల నడుపువారెవరికైనను ఈ క్రమములోని ఔచిత్యము తెలియకపోదు.

చదువుతోపాటు భూమి. ఆనాడు నిజాము ప్రభుత్వమున రెవెన్యూ వ్యవహారములు చూచిన విల్‌ఫ్రిడ్ గ్రిగ్‌సన్ తానును బస్తరు గోండులను గూర్చి గ్రంథము వ్రాసిన పండితుడు. సేతుమాధవరావు పగడీ యను అధికారి గోండి నేర్చి, తరువాత దానికి వ్యాకరణమే రచించెను. ఇట్టివారి తోడ్పాటుతో ఆదిలాబాదు గిరిజనులకు లావుణి పట్టాలు ఈయబడినవి. వేలాది కుటుంబములకు లక్ష ఎకరములకు పైబడిన భూమి ఈ విధముగా దక్కినది. గిరిజన ప్రాంతములకు ప్రత్యేక పాలన కల్పించు శాసనము 1356 ఫసలీలో, అనగా 1946 ప్రాంతమున, వచ్చినది. కేస్లాపూరు నాగోబా జాతర సమయమున అధికారులే గిరిజనుల యొద్దకు పోయి మొరలు వినునట్టి దర్బారు పద్ధతియు ఆ దశకముననే మొదలైనది. పుష్యమాసపు ఆ జాతరలో దర్బారు సంప్రదాయము నేటికిని నిలిచియున్నది.

నడుమ 1944, 45 సంవత్సరములలో వారు ఈశాన్యపు సుబన్సిరి ప్రాంతమునకు ప్రత్యేకాధికారిగా పోయి, నేటి అరుణాచల ప్రదేశములోని ఆపాతానీల లోయను చూచిరి. పొరుగు జాతులతో ఎత్తుకపోవుటలు, విడుదల ధనములు, పగలు ఉన్నను, రాజు లేని ఆ సంఘములు తమంతట తాము సంధి చేసికొను పద్ధతులను వారు పరిశీలించిరి. అచ్చటనుండి తిరిగివచ్చి, 1945లో నిజాము ప్రభుత్వమునకు గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర ఆచార్యులుగను ఒకేసారి బాధ్యతలు వహించిరి. శత్రుదేశస్థుడని నిర్బంధింపబడినవాడు ఆరేండ్లలో అదే రాజ్యపు విద్యాపీఠమున గురుస్థానమున కూర్చొనుట విచిత్రము.

ఈ రెండు పదవులు ఒకదానికొకటి సులభముగా పొసగునవి కావు. సలహాదారుడు పాలకుల మనసు నొప్పింపక పని నెరవేర్చుకొనవలెను. ఆచార్యుడు సత్యము నున్నదున్నట్లు చెప్పవలెను. 1946 మొదలు తెలంగాణమున రైతాంగ పోరాటము చెలరేగినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసినది. అట్టి సంక్షోభకాలమున, రాజ్యమునకు శాంతి కావలెను గనుకనే గిరిజనులకు భూములిచ్చిరనియు, హైమన్‌డార్ఫు ప్రభుత్వము పక్షమున నిప్పు చల్లార్చువాడనియు విమర్శించినవారు కలరు. గిరిజనుని బయటి ప్రపంచమునుండి కాపాడవలసిన పసివానిగా చూచిరని మరికొందరు పండితులు ఆక్షేపించిరి. ఈ విమర్శలలో ఆలోచింపదగినది లేకపోలేదు. పాలకుని అనుజ్ఞతో వచ్చిన మేలు పాలకుడు మారినపుడు నిలుచునా అను ప్రశ్న న్యాయమైనదే. కాని గోండు పొలమునకు పట్టా వ్రాయించినవారు, గోండు బిడ్డకు వాచకము కూర్చినవారు ఆనాడు వేరెవ్వరున్నారను ప్రశ్నయు అంతే న్యాయమైనది.

1949లో వారు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో చేరి, 1951లో ఆచార్యులై, 1976 వరకు అచ్చట బోధించిరి. నేపాళము విదేశీయులకు తలుపులు తెరచిన కొలది కాలమునకే, 1953లో, అచ్చటికి పోయి షెర్పాల జీవనమును పరిశోధించిరి. ఉప్పు, ధాన్యము మార్చుకొనుచు మంచుకనుమలు దాటి టిబెట్టుకును, దక్షిణపు లోయలకును నడుమ వంతెనవలె నిలిచిన వర్తకులను గూర్చి గ్రంథములు రచించిరి. నాగాలలో వైరమును, గోండులలో తమ పేరు తాము నిలుపుకొను తపనను, షెర్పాలలో జాతికి జాతికి నడుమ బంధమును చూచిన ఆ దృష్టి ఒక్కటియే. ప్రతి సంఘమునకును హద్దు ఉన్నది. ప్రతి హద్దుకును ఒక దారి ఉన్నది.

ఉస్మానియాలో ఆ విద్య ఆగిపోలేదు. వారి తరువాత అచ్చట బోధించిన శ్యామాచరణ దూబే విశ్వవిద్యాలయ బృందముతో హైదరాబాదు సమీపముననున్న శామీర్‌పేట గ్రామమును పరిశోధించి, 1955లో ప్రకటించిన గ్రంథము భారతీయ గ్రామ పరిశోధనలో మైలురాయి యైనది.

హైమన్‌డార్ఫు ఉద్యోగ విరమణానంతరము విశ్రాంతిని కోరక మరల ఆదిలాబాదునకు వచ్చిరి. వారు చూచినది హృదయవిదారకము. తమ కాలమున పట్టాలు పొందిన అనేక పొలములు అన్యుల చేతిలో నుండెను. గిరిజన భూమి గిరిజనేతరునికి చెందరాదను శాసనము 1959లో వచ్చి, 1963లో తెలంగాణమునకు విస్తరించి, 1970లో మరింత కఠినమైనను, కాగితమునకును నేలకును నడుమ దూరము తగ్గలేదు. గోండి వాచకములు మూలబడినవి. 1976 నాటి చట్టముతో తెలంగాణ లంబాడాలును షెడ్యూల్డు తెగలలో చేరినందున గోండుల భూములపై ఒత్తిడి పెరిగెనని వారు వ్రాసిరి. లంబాడాల వాదము వేరు. ఆ వివాదము నేటికిని తెగలేదు. 1979, 1982 సంవత్సరములలో వెలువడిన వారి గ్రంథములు తాము చేసినదాని ఓటమిని దాచలేదు. ఆ నడుమనే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూములకై గుమిగూడిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వము తెలిపినది. అంతకు పలురెట్లని ఇతరులు తెలిపిరి. భీము మరణించిన 41 ఏండ్లకును నేల అడిగినవానికి సమాధానము తుపాకియే యైనది.

1987లో బెట్టీ హైదరాబాదున కన్నుమూసిరి. ఆమెను మార్లవాయిలో, గోండుల ఆచారము ననుసరించి, గోండుల నడుమ సమాధి చేసిరి. హైమన్‌డార్ఫు 1995 జూన్‌లో లండనున దివంగతులైరి. తరువాతి కాలమున వారి అస్థికలను కుమారుడు తెచ్చి భార్య సమాధి ప్రక్కన నిక్షేపించెను. నేడు కొమురం భీము ఆసిఫాబాదు జిల్లాలో నున్న ఆ పల్లెలో ఏటేట గోండులు వారికి నివాళులర్పించుచున్నారు.

తార్నాక కూడలికిని మార్లవాయి పల్లెకును నడుమ సుమారు 300 కిలోమీటర్ల దూరము. ఆ దూరమును నడచి పల్లెకు పోయిన ఆచార్యుడు ఒక్కడు. ఆనాటి పాఠశాలల వలన అక్షరములు నేర్చినవారి మనుమలు నేడు ఎదురుగా నడచి అదే ప్రాంగణమునకు వచ్చుచున్నారు. ఇక వారిని గూర్చి ఇతరులు వ్రాయనక్కరలేదు, వారే వ్రాసికొనగలరు. అయితే వారి తాతల పొలముల లెక్క ఇంకను తేలలేదు. ఆ లెక్క తేల్చువరకు హైమన్‌డార్ఫు ఆరంభించిన పని పూర్తియైనదని చెప్పరాదు. ఎరిగినవాడు ఎరుగనివానికి ఋణస్థుడని తలచి, ఆ ఋణమును తన జీవితముతో కొంతయైన తీర్చిపోయినవాడు ధన్యుడు. మిగిలినది తీర్చవలసినవారు ఈ నేలపై చదువుకొన్నవారందరును.